వణుకు ఆగిన తర్వాత

2015 సెప్టెంబరులో తెలంగాణ ఆసుపత్రులకు ఒక వింత జబ్బు వచ్చిపడింది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఆడా మగా తేడా లేకుండా వందల మంది వచ్చారు. కొందరికి ఫిట్స్. కొందరు నాలుక కొరుక్కున్నారు. కొందరు ఎదురుగా లేని మనుషులతో మాట్లాడుతున్నారు, మెడలు వంకర్లు పోతున్నాయి, కన్నవాళ్ళనే గుర్తుపట్టడం లేదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల కిక్కిరిసిపోయింది. చిత్రమేమిటంటే వీళ్ళెవరూ ఆ వారం అతిగా తాగినవాళ్ళు కారు. తాగేది దొరక్క పడిపోయినవాళ్ళు. కల్తీ కల్లు మీద దాడులు పెరిగాయి, దుకాణాల్లో మత్తు పొడి కలపడం ఒక్కసారిగా తగ్గింది. ఏళ్ళ తరబడి ఆ పొడికి అలవాటుపడ్డ మెదళ్ళు రెండు మూడు రోజుల్లో తిరగబడ్డాయి.

ఈత చెట్టు నుంచి పొద్దున దించిన కల్లులో ఉండే ఆల్కహాల్ తక్కువే, బీరుకు అటూ ఇటూ. సమస్య చెట్లతో వచ్చింది. చెట్లు ఇచ్చే కల్లు కంటే అమ్ముడుపోయే కల్లు ఎన్నో రెట్లు. ఆ తేడాను నీళ్ళు, శాకరిన్, తెల్ల పొడి కలిసి పూడుస్తాయి. పల్లెల్లో జనం సీహెచ్ అనే పొడి క్లోరల్ హైడ్రేట్. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1832లో తయారుచేశాడు. 1869లో లీబ్రైఖ్ అనే వైద్యుడు దాన్ని నిద్రమందుగా వాడుకలోకి తెచ్చాడు. వైద్యులు దాదాపుగా పక్కన పెట్టేసిన ఈ పాత మందు మన కల్లు దుకాణాల్లో రెండో జన్మ ఎత్తింది. పత్రికలు డైజోఫాం అని రాసే డైజెపామ్, ఆ తర్వాత అల్ప్రాజోలం దానికి తోడయ్యాయి. అల్ప్రాజోలం డాక్టరు చీటీ ఉంటే తప్ప అమ్మకూడని బిళ్ళ. అరమిల్లీగ్రాముతో మనిషిని నిద్రపుచ్చే మందును పిడికిళ్ళతో కలిపితే ఏ సీసాలో ఎంత పడిందో కలిపినవాడికే తెలియదు.

సారా, కల్లు, క్లోరల్, అల్ప్రాజోలం పేరుకు నాలుగు. మెదడులో అన్నీ ఒకే చోట పనిచేస్తాయి. మన మెదడులో గాబా అనే రసాయనం నాడీకణాలను నెమ్మదింపజేస్తుంది, గ్లుటమేట్ అనేది వాటిని ఉసిగొల్పుతుంది. ఈ మందులన్నీ గాబాకు బలం పోస్తాయి. రోజూ ఇలా బలం పోస్తుంటే మెదడు ఊరుకోదు. తన సమతూకం కాపాడుకోడానికి గాబా గ్రాహకాలను మందగింపజేస్తుంది, గ్లుటమేట్ వైపు పెంచుకుంటుంది. బయట నుంచి ఎవరో తలుపు తోస్తుంటే లోపల ఒకడు ఒళ్ళంతా ఆనించి అడ్డం నిలబడ్డాడనుకోండి. తోసేవాడు చెప్పాపెట్టకుండా తప్పుకుంటే లోపలివాడు తలుపుతో సహా వీధిలో పడతాడు. మందు ఆగిన మనిషిలో కనిపించే వణుకు, చెమట, ఫిట్స్ ఆ పడిపోవడమే.

ఇక నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ నుంచి ఒక మనిషిని ఊహించుకుందాం. నలభై దాటినవాడు. రెండెకరాల పత్తి, మిగతా రోజుల్లో కూలి. పదిహేనేళ్ళుగా రోజూ తాగుతున్నాడు. మొదట సాయంత్రం మాత్రమే, ఇప్పుడు పొద్దున లేవగానే ఒక క్వార్టర్ పడితే తప్ప చేతిలో చాయ్ గ్లాసు నిలవదు. బెల్టు షాపువాడు అప్పు ఆపేశాడనో, దీక్ష వేసుకున్నాడనో, జ్వరమొచ్చి మంచాన పడ్డాడనో, ఏదో కారణంతో తాగుడు ఆగింది.

ఆరు గంటల నుంచి పన్నెండు గంటల లోపు వణుకు మొదలవుతుంది. చెమట, వాంతి, గుండెదడ, నిద్ర పట్టకపోవడం. ఒక రోజు గడిచేలోపు కొందరికి లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. అసలు గండం ఆ తర్వాత ఉంది. 48 గంటల నుంచి 96 గంటల మధ్య, ఇంట్లోవాళ్ళు 'ఇక ఫరవాలేదు' అనుకునే వేళకు, డాక్టర్లు డీటీ అనే డెలీరియం ట్రెమెన్స్ పట్టుకుంటుంది. ఒళ్ళు కాలిపోతుంది, బీపీ ఎగబాకుతుంది, మనిషికి రాత్రీ పగలూ తెలియవు. వైద్యం లేని కాలంలో డీటీ పట్టినవాళ్ళలో మూడో వంతు దాకా చనిపోయేవారు. ఇప్పుడు సరైన వైద్యం అందితే ఆ సంఖ్య ఐదు శాతానికి లోపే. ఒక సంగతి చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. హెరాయిన్ హఠాత్తుగా మానితే నరకం కనిపిస్తుంది కానీ ఆరోగ్యవంతుడి ప్రాణం పోవడం అరుదు. చట్టబద్ధంగా అమ్మే మందు హఠాత్తుగా మానితే పోవచ్చు.

"రాత్రంతా నిద్ర లేదు సార్. గోడ మీద చీమలున్నయని ఏరుతనే ఉన్నడు. నన్ను జూసి నువ్వెవరంటుండు" అంటుంది అతన్ని ఆసుపత్రికి తెచ్చిన భార్య. డాక్టరు అతన్ని చేతులు ముందుకు చాపమంటాడు, వేళ్ళు విప్పమంటాడు. వేళ్ళ చివర్లు కొట్టుకుంటున్నాయి. నాలుక బయటపెట్టమంటే అదీ వణుకుతోంది. దుప్పటి అంచు పట్టుకుని లేని దారాలు పీకుతున్నాడు.

"అన్నా, మనం ఇప్పుడు యాడున్నం?"

"అచ్చంపేట బస్టాండ్ల."

ఈ రెండు ముక్కల సంభాషణతో డాక్టరుకు సగం రోగనిర్ణయం అయిపోతుంది. నాడి, చెమట, వణుకు, ఆందోళన, గందరగోళం ఒక్కొక్కదానికీ మార్కులు వేసి, ఆ మొత్తాన్ని బట్టి మందు మోతాదు నిర్ణయిస్తారు. ఇచ్చే మందు క్లోర్‌డయజెపాక్సైడ్ లేదా డైజెపామ్. కాలేయం బాగా దెబ్బతిని ఉంటే లోరజెపామ్. అంటే కల్లులో కలిపే పొడికి సొంత చుట్టాలే. ఇందులో వింతేమీ లేదు. తోసేవాడు ఒక్కసారిగా తప్పుకోవడం వల్ల వచ్చిన ప్రమాదం కాబట్టి, మళ్ళీ ఒకణ్ణి నిలబెట్టి మెల్లమెల్లగా తప్పిస్తున్నారు. మందు తాగినవాడికి ఈ పని వారం పది రోజుల్లో ముగుస్తుంది. అల్ప్రాజోలం కల్లుకు అలవాటుపడ్డవాడికి వారాలు పడుతుంది. అల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా పోతుంది, సగం తగ్గడానికి పదకొండు గంటలు చాలు. డైజెపామ్, దాని నుంచి పుట్టే పదార్థాలు రోజుల తరబడి నిలుస్తాయి. అందుకే మొదటిదాని స్థానంలో రెండోది ఇచ్చి మోతాదు తగ్గిస్తూ పోతారు. 2015లో ఈ వరస తలకిందులైంది. ముందు సరఫరా ఆగింది, ఆ తర్వాత ఆసుపత్రులు పరుగెత్తాయి. దాడి చేసే రోజుకు ముందే జిల్లా ఆసుపత్రుల్లో మందులూ పడకలూ సిద్ధంగా ఉంచి ఉంటే ఆ నెల అంత ఘోరంగా ఉండేది కాదని నా నమ్మకం.

ఇక్కడ మన ఊళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. తాగి తాగి నీరసించినవాడిని ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తారు. ఆయన వెంటనే గ్లూకోజ్ సీసా ఎక్కిస్తాడు. ఏళ్ళుగా అన్నం సరిగా తినక తాగినవాడి ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజును వాడుకోవడానికి మెదడుకు థయమిన్ కావాలి. అది లేకుండా గ్లూకోజ్ ఒక్కటే పోస్తే మిగిలిన కాస్తా ఖర్చైపోయి, చూపు మసకబారడం, నడక తూలడం, మతి తప్పడం మొదలవుతాయి. దీని పేరు వెర్నికీ జబ్బు. ముదిరితే జ్ఞాపకశక్తి మళ్ళీ రాదు. గ్లూకోజుకు ముందో, దాంతోపాటో ఇవ్వాల్సిన థయమిన్ ఇంజెక్షన్ ఖరీదు చాలా తక్కువ. తాగుడు వైద్యంలో ఇంత చవకగా ఇంత పెద్ద నష్టం తప్పించే మందు ఇంకోటి లేదు.

అమ్రాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర శ్రీశైలం రోడ్డు పులుల అడవి కోసం రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది. చెక్‌పోస్టుకు అవతల వటవర్లపల్లి, దోమలపెంట వైపు ఉన్నవాళ్ళకు ఆ వేళల్లో మామూలు బండి దొరకదు. మందు పడని మనిషికి గందరగోళం ముదిరేది ఎక్కువగా రాత్రిపూటే. కాబట్టి మొదటి నాలుగు రోజుల వైద్యం దగ్గరి పట్టణం అచ్చంపేటలో దొరకాలా, హైదరాబాద్‌లో దొరకాలా అన్న ప్రశ్న ప్రాణాలకు సంబంధించింది.

సరే, వణుకు ఆగింది. ఐదో రోజుకు అతను లేచి కూర్చుని చాయ్ అడిగాడు. భార్య పేరు చెప్పాడు. ఇంటికి పంపమంటున్నాడు. ఇంట్లోవాళ్ళకు మాత్రం భయం. ఇక్కడి నుంచి మొదలయ్యేదే డీఅడిక్షన్ సెంటర్ అని మనమనుకునే అసలు కథ. నెల రోజులు అక్కడే ఉండాలి, పొద్దున యోగా, ఆ తర్వాత గుంపుగా కూర్చుని మాట్లాడుకోవడం, కౌన్సెలింగ్, ఆదివారం కుటుంబంతో భేటీ.

ఈ నెల లెక్క ఎక్కడిది? 1949లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో హేజెల్డెన్ అనే కేంద్రం మొదలైంది. అంతకు పద్నాలుగేళ్ళ ముందు పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) పద్ధతిని అక్కడ వైద్యంతో కలిపారు. ఆ నమూనాలో 28 రోజుల బస స్థిరపడింది. బీమా కంపెనీలు ఆ లెక్కకే డబ్బు కట్టడంతో అది ప్రపంచమంతా పాకింది. మెదడు బాగుపడే వేగాన్ని కొలిచి పెట్టిన సంఖ్య కాదది. 1977లో లండన్‌లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ బృందం వంద మంది పెళ్ళైన తాగుబోతులను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు మందులు, ఏఏ, అవసరమైతే ఆసుపత్రి పడక, అన్నీ కలిపిన పూర్తి వైద్యం. రెండో జట్టుకు భార్యాభర్తలను కూర్చోబెట్టి ఒక్కసారి గట్టి సలహా. ఏడాది తర్వాత చూస్తే రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పడకలు అనవసరమని దీని అర్థం కాదు. డీటీ పట్టినవాడికి సలహాతో సరిపెడితే చస్తాడు. పడక మీద గడిపిన రోజుల లెక్కను బట్టి తాగుడు మానే అవకాశం పెరగదన్నది మాత్రం నిజం.

ఎందుకు పెరగదో వియత్నాం యుద్ధం చెప్పింది. 1971 నాటికి అక్కడ ఉన్న అమెరికా సైనికుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు హెరాయిన్‌కు బానిసలయ్యారు. వీళ్ళందరూ తిరిగొస్తే దేశం ఏమైపోతుందోనని ప్రభుత్వం బెంబేలెత్తింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వచ్చినవాళ్ళను వెతికి పట్టుకుని పరీక్షించింది. బానిసలైనవాళ్ళలో మొదటి ఏడాదిలో మళ్ళీ అలవాటులో పడ్డవాళ్ళు ఐదు శాతమే. మూడేళ్ళకు చూసినా పన్నెండు శాతం. చాలామంది ఏ చికిత్సా లేకుండానే మానేశారు. ఆమె లెక్కలను మొదట్లో నమ్మినవాళ్ళు తక్కువ. వాళ్ళకు కలిసొచ్చింది ఏమిటంటే అలవాటు ఒక చోట అంటుకుంది, బతుకు ఇంకో చోట మొదలైంది. ఆ అడవి, ఆ భయం, ఆ దోస్తులు, పక్క సందులో దొరికే పొడి, అన్నీ సముద్రానికి అవతల ఉండిపోయాయి.

మన అమ్రాబాద్ మనిషికి జరిగేది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. అలవాటు ఊళ్ళో అంటుకుంది. వైద్యం హైదరాబాద్‌లో జరిగింది. నెల తర్వాత అతన్ని తిరిగి పంపేది ఆ ఊరికే. సెంటర్‌లో ఉన్నప్పుడు తాగాలనిపించలేదని అతను ప్రమాణం చేసి చెబుతాడు, అది నిజమే. అక్కడ గుర్తుచేసేది ఏదీ లేదు. బస్సు అచ్చంపేట దాటగానే ఒళ్ళు వేరేగా మాట్లాడడం మొదలుపెడుతుంది. బెల్టు షాపు ముందు వేపచెట్టు, పత్తి అమ్మిన డబ్బు చేతిలో పడ్డ సాయంత్రం, వేయించిన పల్లీల వాసన, 'ఏందన్నా, నల్లబడ్డవ్' అని భుజం మీద పడ్డ దోస్తు చేయి, ఇవన్నీ ఏళ్ళ తరబడి మందుతో ముడిపడి మెదడులో దిగిపోయినవి. మెదడులో డోపమైన్ వ్యవస్థ అసలు మందు గొంతులో పడకముందే, దాని గుర్తు కనిపించగానే స్పందించడం నేర్చుకుంటుంది. 1990లలో వోల్ఫ్‌రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో పళ్ళరసం రాబోతోందని సూచించే దీపం వెలగగానే డోపమైన్ కణాలు మోగాయి, రసం నోట్లో పడ్డప్పుడు మౌనంగా ఉన్నాయి. సాయంత్రం ఆరు గంటలకు అతని ఒళ్ళు లాగడం బలహీనత అని ఊరంతా అంటుంది. నేను దాన్ని బాగా నేర్చుకున్న పాఠం అంటాను. నేర్చుకున్న చోటే కొత్తది నేర్చుకోవాలి. ఎర్రగడ్డలో కూర్చుని అమ్రాబాద్ సాయంత్రాన్ని దాటడం అభ్యాసం చేయలేం.

అందుకే 1989లో తమిళనాడులో జరిగిన పని నాకు ముఖ్యమనిపిస్తుంది. మద్రాసులో శాంతి రంగనాథన్ 1980లో తన భర్త పేరున టీటీ రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు. ఆయన తాగుడుతో పోయినవారే. కొన్నేళ్ళకు ఆ సంస్థ తంజావూరు వైపు మంజక్కుడి అనే పల్లెకు వెళ్ళి అక్కడే 15 రోజుల చికిత్సా శిబిరం పెట్టింది. డాక్టరు, నర్సు, కౌన్సెలర్లు ఊరికి వచ్చారు. ఊరివాళ్ళు చోటూ తిండీ చూసుకున్నారు, భార్యలు రోజూ వచ్చి కూర్చున్నారు. శిబిరం అయ్యాక కూడా వాళ్ళను ఆ ఊళ్ళోనే కలుస్తూ వచ్చారు. నలుగురూ ఒకే ఊళ్ళో ఒకేసారి మానితే సాయంత్రం కూర్చోడానికి నలుగురు దొరుకుతారు. ఒక్కడే మానొస్తే ఒక్కడే మిగులుతాడు.

గోవాలో జరిగి 2017లో ప్రచురితమైన పరీక్ష ఇంకో దారి చూపింది. మానసిక వైద్యంలో డిగ్రీ లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టారు. ప్రమాదకరంగా తాగుతున్న మగవాళ్ళతో వాళ్ళు మహా అయితే నాలుగు సార్లు మాట్లాడితే, మూడు నెలలకు 36 శాతం మంది అదుపులోకి వచ్చారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో అది 26 శాతం. పెద్ద తేడాగా కనిపించకపోవచ్చు. 2019లో ఎయిమ్స్ ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో మందుకు పూర్తిగా బానిసలైనవాళ్ళు దాదాపు 2.9 కోట్లు. వాళ్ళలో 38 మందిలో ఒకరికి ఏదో ఒక సాయం అందుతోంది, ఆసుపత్రి పడక దాకా వెళ్ళేది 180 మందిలో ఒక్కరు. ఆ లెక్క ముందు పెట్టుకుంటే పది శాతం చిన్నది కాదు.

సాయం అందని చోట అంగడి పుడుతుంది. సిటీ శివార్లలో అద్దె ఇంట్లో ముప్పై మందిని గదిలో పెట్టి తాళం వేసే సెంటర్లున్నాయి. డాక్టరు బోర్డు మీదే ఉంటాడు. డబ్బు కట్టిన అన్న మాట మీద తమ్ముణ్ణి రాత్రి వ్యానులో ఎత్తుకుపోతారు. తాగుడుకు సంబంధించిన రుగ్మతలు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికే వస్తాయి. గొలుసుతో కట్టడాన్ని ఆ చట్టం నిషేధించింది. మనిషి తనకు తాను నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్నప్పుడే నామినేటెడ్ ప్రతినిధి కోరితే చేర్చుకోవచ్చు, అదీ మొదట 30 రోజులకు మించకుండా, నిపుణుల పరీక్ష తర్వాతే. కేంద్రానికి రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి. చేర్పించేముందు నేనైతే ఒకటే అడుగుతాను: రాత్రి రెండు గంటలకు ఫిట్స్ వస్తే ఎవరు లేస్తారు? జవాబు తడబడితే వెనక్కి రావడం మంచిది.

ఇంట్లో జరిగే ఇంకో ప్రమాదం సాంబారులో కలిపే పొడి. 'తెలియకుండా తాగుడు మాన్పించే మందు' అని అమ్మేవాటిలో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. 1948లో డెన్మార్క్‌లో దీని గుణం కనిపెట్టారు. ఇది కాలేయంలో ఆల్కహాల్ విరిగే దారిని మధ్యలో అడ్డగిస్తుంది. దాని మీద తాగితే అసిటాల్డిహైడ్ పేరుకుని ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. తెలిసి వేసుకునేవాడికి ఇది కాపలా. తెలియక తిని తాగినవాడికి ప్రాణాపాయం. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే మందులు ఇంతకంటే మెతకవి. అకాంప్రోసేట్ పన్నెండు మందికి ఇస్తే, అది లేకుంటే మళ్ళీ తాగేవాళ్ళలో ఒకరు అదనంగా నిలబడతారని 2014 నాటి సమీక్ష లెక్కగట్టింది. బీపీ బిళ్ళలు ఇచ్చే చోటే వీటినీ ఇవ్వొచ్చు.

అమ్రాబాద్ అనగానే చెంచు ఆదివాసుల పేరెత్తి, సారాను వాళ్ళ నెత్తిన రుద్దడం పట్నంలో చాలామందికి అలవాటు. మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లో ఈ పీఠభూమి మీద చెంచులతో గడిపి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. ఆ కాలం నుంచి అడవికి దారులు పెరిగాయి, దారుల వెంట దుకాణం కూడా వచ్చింది. ఇప్పపూలు రాలేది ఎండాకాలం మొదట్లో. ఏరి ఆరబెట్టుకున్నంత వరకే ఇప్పసారా. నల్లబెల్లం, పటిక వేసి కాచే గుడుంబాకు రుతువు లేదు, బెల్టు షాపు క్వార్టర్‌కు అసలే లేదు. రోజూ దొరకడానికీ రోజూ తాగడానికీ ఉన్న సంబంధం ఏ కులానికైనా ఒకటే.

ఇక్కడ పని మొదలుపెట్టాలంటే పెద్ద భవనం అక్కర్లేదు. అచ్చంపేట ఆసుపత్రిలో డీటీ చూడగలిగిన నాలుగు పడకలు, థయమిన్, లోరజెపామ్, రాత్రి డ్యూటీకి శిక్షణ ఉన్న ఒక నర్సు కావాలి. ఆ తర్వాత మూడు నెలలు ఊళ్ళోనే వారం వారం పలకరించే ఆశా కార్యకర్త కావాలి. అతను తాగొచ్చిన వారం కూడా ఆమె మానకుండా రావాలి. నెలకు ముప్పై రోజులు తాగేవాడు నాలుగు రోజులు తాగాడంటే వైద్యం పనిచేస్తోందనే లెక్క. ఊరు దాన్ని 'మళ్ళీ మొదలుపెట్టిండు' అనే అంటుంది. ఆమె వచ్చేలోపు అవసరం పడితే ప్రభుత్వ టెలీ మానస్ 14416, డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 ఉన్నాయి. టెలీ మానస్‌లో రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్ సిగ్నల్ అందని చెంచు గూడేలకు, అంటే పెంటలకు మాత్రం మనిషే నడిచి వెళ్ళాలి.